ఇంట్లోనే ఉంటావుగా!

మన ఇళ్ళల్లో ఉద్యోగం అనే మాటకు ‘వెళ్ళడం’ అనే మాట జంటగా ఉంటూ వచ్చింది. ‘ఆయన ఆఫీసుకు వెళ్ళారు’ అంటాం. ‘అమ్మాయి డ్యూటీకి వెళ్ళింది’ అంటాం. పొద్దున్నే క్యారియరు సర్దడం, చెప్పులు వెతుక్కోవడం, వీధి తలుపు దాకా వచ్చి ‘గొడుగు తీసుకున్నావా?’ అని ఎవరో ఒకరు అడగడం, ఇంత తతంగమూ జరిగితేనే ఆ మనిషి ఉద్యోగం చేస్తున్నట్టు నలుగురికీ నమ్మకం. గుమ్మం దాటని ఉద్యోగాన్ని ఉద్యోగమని ఒప్పుకోవడానికి మనకు మనసు రాదు. జీతం నెలనెలా బ్యాంకులో పడుతున్నా సరే, ‘నీకేమమ్మా, ఇంట్లోనే ఉంటావుగా!’ అనేస్తారు.

ఈ మాట నేను 2020 నుంచీ వింటున్నాను. నేను హైదరాబాదులోని ఒక కంపెనీలో ఉద్యోగిని. ఉంటున్నది రాజమండ్రిలో, మా అత్తవారింట్లో. అమెరికాలో ఆస్పత్రులు రోగుల తరఫున ఇన్సూరెన్సు కంపెనీలకు పంపే బిల్లులను సరిచూడడం నా పని. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు కంప్యూటరు ముందు కూర్చుంటే రాత్రి పదిన్నరకు లేస్తాను. ఇదేం వేళ అని మీరు అడగవచ్చు. న్యూయార్కులో ఉదయం తొమ్మిది కొట్టేసరికి మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, శీతకాలంలో ఏడున్నర. అక్కడి వారితో మాట్లాడవలసిన పని ఏదైనా, మన ఇళ్ళల్లో దీపాలు పెట్టిన తరువాతనే మొదలవుతుంది.

సరే, మధ్యాహ్నం రెండింటికి గ్యాసు బండ వస్తుంది. తలుపు తీయవలసింది ఎవరు? ఇంట్లోనే ఉన్నాను గనుక నేను. పక్కింటి పిన్నిగారు బజారుకు వెళుతూ, ‘ఒక్క పది నిముషాలు పిల్లవాణ్ణి చూస్తూండమ్మా’ అంటారు. ఎదురింటివారి పార్శిళ్ళు మా ఇంట్లో దిగుతాయి. మామిడికాయల రోజుల్లో ముక్కలు తుడవడానికి ‘చేయి ఖాళీగా ఉన్న మనిషి’ని వెతికితే, వీధి మొత్తానికి నేనే కనబడతాను. ఎవరి మీదా ఫిర్యాదు చేయడం లేదు సుమండీ! వీళ్ళంతా నాకు కష్టం వస్తే పరుగెత్తుకు వచ్చేవాళ్ళే. చెవికి తెల్లటి తీగ తగిలించుకుని తెర వంక చూస్తూ కూర్చున్న ఆడమనిషి ఆ క్షణంలో ఆఫీసులో ఉందని వాళ్ళకు తోచదు, అంతే.

ఇందులో ఇంకొక తమాషా ఉంది. మా మరిదిది కూడా ఇలాంటి ఉద్యోగమే. పండుగకు వచ్చి పది రోజులుంటే మేడ మీది గదిలో కూర్చుని పని చేసుకుంటాడు. అతని గది తలుపు మూసి ఉంటే ఇల్లంతా మునివేళ్ళ మీద నడుస్తుంది. ‘అబ్బాయి మీటింగులో ఉన్నాడు, టీవీ తగ్గించండి’ అని మామగారు కేకలేస్తారు. నా గది తలుపు మూసి ఉంటే మటుకు, ‘ఈవేళప్పుడు తలుపెందుకు వేసుకుందో, తలనొప్పేమో’ అని తట్టి చూస్తారు. ప్రేమ కొద్దీ తట్టినదే. కాని తట్టడం తట్టడమే కదా!

ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేయడం ఏదో నిన్న గాక మొన్న ఆకాశం నుంచి ఊడిపడిన వింత అని చాలామంది అనుకుంటున్నారు. ఆలోచిస్తే అది మనకు కొత్త కాదు. 1984లో మన రాష్ట్రంలో ఆ పదవులు రద్దయ్యేదాకా గ్రామ కరణంగారు సర్కారు లెక్కలన్నీ ఎక్కడ వ్రాశారు? తమ ఇంటి అరుగు మీదనే. పల్లెటూరి బ్రాంచి పోస్టుమాస్టరు తన ఇంటి ముందుగదిలో స్టాంపులు అమ్మడం మనలో చాలామంది చూసిందే. ఆయన్ని ఎవరైనా ‘ఇంట్లోనే ఉంటారుగా, కాస్త పప్పు రుబ్బి పెట్టండి’ అన్నారా? అనలేదు. ఇల్లయినా సరే, మగవాడు కూర్చుంటే అది కచేరీ అయింది.

అదే గోదావరి జిల్లాలో ఆడవాళ్ళ సంగతి చూడండి. నరసాపురం చుట్టుపక్కల మిషనరీల కాలం నుంచీ లేసు అల్లకం ఉంది. వేలాది ఇల్లాళ్ళు వంట అయిన తరువాత కొక్కెం సూదీ దారమూ పుచ్చుకుని కూర్చుంటారు. ఆ లేసు ఓడలెక్కి ఏయే దేశాలకో వెళ్ళింది. మరియా మీస్ అనే జర్మను సామాజిక శాస్త్రవేత్త అక్కడికి వచ్చి పరిశోధించి 1982లో ఒక పుస్తకం ప్రకటించారు. రోజంతా అల్లుతున్నా వారిని కార్మికులని ఎవరూ లెక్కించలేదనీ, ‘ఇంట్లో ఖాళీ వేళల్లో చేసుకునే పని’ అన్న పేరు పెట్టి అతి తక్కువ కూలి ఇచ్చారనీ, వర్తకం మాత్రం మగవారి చేతిలో ఉండి లాభించిందనీ ఆమె తేల్చారు. నాకు నెల జీతం, పీఎఫ్ నెంబరు, సెలవులు ఉన్నాయి. నా స్థితిని వారి స్థితితో పోల్చుకోకూడదు. అయినా ‘ఖాళీ వేళ’ అన్న ఆ మాట చదివినప్పుడు మాత్రం నాకు గ్యాసు బండ గుర్తుకు వచ్చింది.

కంపెనీ ఉద్యోగాన్ని ఇంటికి పంపవచ్చునన్న ఊహ అమెరికాలో పుట్టింది. 1973లో జాక్ నిలిస్ అనే ఆయన దీనికి ‘టెలికమ్యూటింగు’ అని పేరు పెట్టారు. ఆ ఏడే చమురు ధర మండిపోయింది. ‘మనుషుల్ని కార్లలో పనిదగ్గరకు తోలే బదులు, పనినే తీగల మీద మనుషుల దగ్గరకు పంపరాదా?’ అన్నది ఆయన ప్రశ్న. నలభై ఏళ్ళ తరువాత కూడా ఈ ప్రశ్నకు అక్కడివారు ఒక్క జవాబు చెప్పలేకపోయారు. 2013లో యాహూ కంపెనీ, ఇంటి దగ్గర పని చేసుకుంటున్నవాళ్ళంతా ఆఫీసుకు రావలసిందేనని ఉత్తరువు వేసింది.

మన దేశంలో అయితే 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేదాకా ఈ పద్ధతి కొద్దిమందికే పరిమితం. కాల్ సెంటర్ల వంటి కంపెనీలు మనుషుల్ని ఇంటి నుంచి పని చేయించాలంటే టెలికాం శాఖ షరతులూ బ్యాంకు గ్యారంటీలూ అడ్డుండేవి. 2020 నవంబరులో ఆ శాఖ వాటిని చాలావరకు ఎత్తివేసింది. ఈలోగా లక్షలమంది ఇళ్ళకు చేరనే చేరారు. నేనూ అలాగే ఒక కంప్యూటరూ రెండు సూట్‌కేసులూ పుచ్చుకుని రాజమండ్రి వచ్చాను. ఆ ఏడు టీసీఎస్ వంటి పెద్ద కంపెనీయే, 2025 నాటికి తమ ఉద్యోగుల్లో నూటికి పాతికమందికి మించి ఆఫీసుకు రానవసరం ఉండదని ప్రకటించింది. 2023 వచ్చేసరికి అదే కంపెనీ వారానికి అయిదు రోజులూ రమ్మంది. వాళ్ళను తప్పు పట్టడానికి ఈ మాట ఎత్తలేదు. అంత పెద్దవాళ్ళకే మూడేళ్ళలో అభిప్రాయం మారితే, దాన్ని నమ్ముకుని ఇల్లూ బడీ ఊరూ మార్చుకున్న మధ్యతరగతి సంసారం సంగతేమిటని అడుగుతున్నాను.

ఇంట్లో కూర్చుంటే పని సాగుతుందా? ఈ విషయంలో ఎవరికి వారు ఊహించి చెప్పేవే ఎక్కువ. లెక్క కట్టి చూసినవారూ ఉన్నారు. చైనాలో సీట్రిప్ అనే ప్రయాణాల కంపెనీ ఉంది. దాని షాంఘై కాల్ సెంటర్లో 2010–11లో, స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసరు నికొలస్ బ్లూమ్ బృందం తొమ్మిది నెలలు పరీక్ష చేసింది. ఇష్టపడి ముందుకు వచ్చినవారిలో చీటీలు వేసినట్టు కొందరిని వారానికి నాలుగు రోజులు ఇంటికి పంపి, తక్కినవారిని ఆఫీసులోనే ఉంచారు. ఇంటివాళ్ళ పని నూటికి 13 పాళ్ళు పెరిగింది. అందులో 9 పాళ్ళు ఎక్కువసేపు కూర్చున్నందువల్ల. మధ్యలో లేవడాలూ జబ్బు సెలవులూ తగ్గాయన్నమాట. ఉద్యోగం మానేసేవాళ్ళు సగానికి సగం తగ్గారు. బాగుంది కదా! కాని, అంతే బాగా పని చేసినవారిలో ఇంటి దగ్గర ఉన్నవారికి ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. కంటికి కనబడని మనిషి మనసుకూ దూరమే కాబోలు. పరీక్ష అయ్యాక ‘ఎక్కడ కావలిస్తే అక్కడ పని చేయండి’ అంటే సగానికి పైగా స్థలం మార్చుకున్నారు. ఇంటి దగ్గర ఒంటరితనం భరించలేక ఆఫీసుకు వచ్చేసినవారు అందులో ఎందరో.

అదే కంపెనీ 2021–22లో మళ్ళీ ఇంకొక పరీక్ష చేసింది. ఈసారి 1,612 మంది. వారానికి మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు. ఫలితాలు 2024లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. పని తగ్గలేదు, ప్రమోషన్లూ తగ్గలేదు, ఉద్యోగం మానేసేవారు మూడో వంతు తగ్గారు. ఆ తగ్గుదల ఎక్కువగా కనబడింది ఆడవాళ్ళలోనూ, దూరం నుంచి వచ్చేవాళ్ళలోనూ, మేనేజర్లు కానివాళ్ళలోనూ.

ఈ లెక్కలన్నీ నేను ఇంత శ్రద్ధగా చదవడానికి కారణం లేకపోలేదు. గత నెలలో మా కంపెనీ నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి వారానికి మూడు రోజులు హైదరాబాదు ఆఫీసులో హాజరు కావాలట. వీలుకానివారు ఆ సంగతి పది రోజుల్లో తెలియజేయాలట. తెలియజేస్తే ఏమవుతుందో ఉత్తరంలో వ్రాయలేదు. ఊహించుకోవడం కష్టమూ కాదు.

మావారు ఇక్కడ జూనియర్ కాలేజీలో లెక్చరరు. బాబు ఎనిమిదో తరగతి. అత్తగారికి రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి కుడి చేయీ కాలూ పడిపోయాయి; ఇప్పుడు చేతికర్రతో నాలుగడుగులు వేస్తున్నారు. పొద్దున పూట ఆవిడ స్నానం, వ్యాయామం, మందులు అన్నీ నేనే చూసుకుంటాను. ఒంటిగంటన్నరకు నేను ఆఫీసులో కూర్చుంటే, మామగారు ఆవిడ దగ్గర కూర్చుంటారు.

ఒక రాత్రి మావారూ నేనూ కాగితం పెన్సిలూ పుచ్చుకుని లెక్క వేశాం. నా చేతికి వచ్చేది నలభై ఎనిమిది వేలు. హైదరాబాదులో లేడీస్ హాస్టల్లో మంచం, భోజనంతో తొమ్మిది వేలు. వారంవారం రానూపోనూ రైలు, ఊళ్ళో తిరగడానికి ఆటోలు కలిపి ఏడు వేలు. మనిషి మూడు రోజులకే అంటే ఎవరూ రారు గనుక, అత్తగారిని చూసుకునే ఆవిడకు నెల మొత్తానికీ పద్దెనిమిది వేలు. వెరసి ముప్ఫై నాలుగు. మిగిలేది పధ్నాలుగు వేలు. పైగా నా డ్యూటీ రాత్రి పదిన్నరకు ముగుస్తుంది. గౌతమి ఎక్స్‌ప్రెస్ అప్పటికి వెళ్ళిపోతుంది. కాబట్టి మూడు రోజుల హాజరుకు అయిదు రాత్రులు ఇంటికి దూరం. ఉద్యోగం మానేస్తే? బాబు ఫీజు, ఇంటి అప్పు వాయిదా, అత్తగారి మందులు ఒక్క జీతం మీద నడవవు. పైపెచ్చు ఇప్పుడు మానేస్తే, నలభై దాటిన నాకు మళ్ళీ ఈపాటి ఉద్యోగం ఎవరిస్తారు?

కాగితం మీది లెక్క ఎంతకూ తెగక, వంటింట్లో కూర్చున్నాం. మాటలు అత్తగారి చెవిన పడ్డాయేమో. మర్నాడు మధ్యాహ్నం మామూలుగానే పిన్నిగారు వచ్చి నా కోసం గది తలుపు తట్టబోయారు. అత్తగారికి మాట ఇంకా ముద్దగానే వస్తుంది. కర్ర నేలకు తట్టి, ఒక్కొక్క ముక్కే కూడబలుక్కుని అన్నారట, ‘దానికి... ఆఫీసు... ఉంది’ అని. ఈ ఇంట్లో ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే. నాకు రాత్రి పదిన్నరకు గాని తెలియలేదు. తెలిసినప్పుడు కళ్ళనీళ్ళు వచ్చాయి.

కంపెనీ పక్షాన చెప్పవలసిన మాటలూ ఉన్నాయి. నేను ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు పక్క కుర్చీలో కూర్చున్న సీనియర్ ఆవిడ చేతి కదలిక చూసి నేర్చుకున్నది, ఏ శిక్షణ తరగతిలోనూ నేర్చుకోలేదు. ఇవాళ కొత్తగా చేరిన ఇరవై రెండేళ్ళ అమ్మాయి తన ఊళ్ళో, తన గదిలో, ఎవరిని అడగాలో తెలియక కూర్చుంటుంది. మా పనిలో గోప్యత కూడా ముఖ్యం. రోగుల వివరాలు బయటికి పొక్కకూడదని అమెరికాలో 1996లో చేసిన చట్టం ఉంది. అందుకే నా తెర గోడకు ఎదురుగా కాకుండా, వెనక గోడే తప్ప మనిషి నిలబడడానికి వీలు లేకుండా పెట్టుకున్నాను. మావారు కూడా దాని వంక చూడరు. అందరిళ్ళల్లోనూ ఇంత కట్టుదిట్టం ఉంటుందని కంపెనీ ఎలా నమ్ముతుంది? అడగవలసిన ప్రశ్నే.

మరి చట్టం ఏమంటుంది? ఇంటి దగ్గరే పని చేస్తానని పట్టుపట్టే హక్కు మన దేశంలో మామూలు కంపెనీ ఉద్యోగికి లేదు. అది ఇరుపక్షాల ఒప్పందం. ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో చేసిన సవరణలో మాత్రం ఒక మంచి మాట వ్రాశారు. సెలవు ముగిసిన తరువాత, పని స్వభావం అనుమతిస్తే, యజమానీ ఉద్యోగినీ మాట్లాడుకుని ఇంటి నుంచి పని చేసే ఏర్పాటు చేసుకోవచ్చునని. ‘చేసుకోవచ్చు’నే గాని ‘తీరాలి’ అనలేదు; అయినా అడగడానికి ఒక ఆధారం. మీ ఇంట్లో పురిటికి వచ్చిన ఉద్యోగస్థురాలు ఎవరైనా ఉంటే ఈ సంగతి చెప్పండి. ఇంటికి వచ్చిన ఆఫీసు రాత్రింబవళ్ళు ఇంట్లోనే తిష్ట వేయకుండా కొన్ని దేశాలు కట్టుబాట్లూ చేశాయి. పని వేళ దాటాక కంపెనీ సందేశాలను పట్టించుకోనక్కరలేని ఏర్పాటు ఫ్రాన్సులో 2017లో అమలులోకి వచ్చింది. పోర్చుగల్ 2021లో ఇంకొక అడుగు వేసి, వేళ కాని వేళ ఉద్యోగిని కదిలించరాదని యజమానికే ఆంక్ష పెట్టింది.

నా వంటి స్థితిలో ఉన్నవారికి నేను చూసి తెలుసుకున్న నాలుగు ముక్కలు చెబుతాను. మీ నియామకపు ఉత్తరం తీసి ‘పని చేయవలసిన స్థలం’ అన్న చోట ఏం వ్రాసి ఉందో ఇవాళే చదవండి. ‘ఇంటి నుంచి చేసుకో’ అని మేనేజరు నోటితో చెప్పిన మాట, మేనేజరు మారిన రోజున చెల్లదు. ఒక్క వాక్యమైనా వ్రాయించుకోండి. ఏ రోజు ఎంత పని చేశారో మీ కోసం ఒక పుస్తకంలో వ్రాసి పెట్టుకోండి. ప్రమోషన్ల వేళ కనబడని మనిషికి కనబడే సాక్ష్యం అదే. కంపెనీ పిలవకపోయినా రెండు మూడు నెలలకొకసారి ఆఫీసుకు వెళ్ళి నలుగురితో కలిసి టీ తాగి రండి. భోజనాల కుర్చీ మీద తొమ్మిది గంటలు కూర్చోకండి. నడుం పట్టుకుపోయిన తరువాత వైద్యుడికి పోసే డబ్బుతో మంచి కుర్చీలు రెండు వస్తాయి. పని ముగిసిన తరువాత కంప్యూటరు మూసి, దాని మీద ఒక గుడ్డ కప్పండి. నవ్వకండి, ఆ గుడ్డ నాకు ఆఫీసు గేటు లాంటిది.

నేను కంపెనీకి జవాబు వ్రాశాను. రాననీ అనలేదు, వస్తాననీ అనలేదు. నెలలో ఒక వారం మొత్తం హైదరాబాదులో ఉంటాననీ, ఆ వారంలో కొత్తగా చేరిన అమ్మాయిలకు పని నేర్పుతాననీ, మిగిలిన మూడు వారాలూ ఇక్కడి నుంచే చేయనివ్వమనీ అడిగాను. నెలకొక వారమైతే మా ఆడపడుచు విశాఖపట్నం నుంచి వచ్చి అమ్మ దగ్గర ఉంటానంది. ఆరేళ్ళుగా వ్రాసుకున్న నా పని పుస్తకంలోని లెక్కలను కూడా జతపరిచాను. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి వాళ్ళ జవాబు రావచ్చు, రాకపోవచ్చు.

ఈలోగా మీ ఇంట్లోనో మీ పక్కింట్లోనో ఒక కోడలో కూతురో మధ్యాహ్నం వేళ గది తలుపు వేసుకుంటే, ఆవిడ రెండు బస్సులు మారి పట్నంలో ఏ నాలుగో అంతస్తులోనో కూర్చుని ఉందని అనుకోండి. గ్యాసు బండవాడికి మీరే తలుపు తీయండి.